తిరగని యాంటెనాని తిప్పింది రిసీవరే

ప్రశ్న: యాంటెనాని కదపకుండానే అది చూసే దిశ మార్చడం 5జీతో వచ్చిన టెక్నాలజీయేనా? అంతకుముందు ఎవరైనా ప్రయోగాలు చేశారా?

5జీతో రాలేదండీ. ట్రాన్సిస్టర్ అనేది పుట్టకముందే, 1930ల్లో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో హోమ్‌డెల్ అనే ఊరి దగ్గర బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ వాళ్లు వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో) ఈ పని చేసి, రెండేళ్లు వాడి చూసి, 1937లో పేపర్ కూడా వేశారు. దాని పేరు మ్యూసా, అంటే మల్టిపుల్ యూనిట్ స్టీరబుల్ యాంటెనా. దాని గురించి చెప్పేముందు మా ఇంటి రేడియో సంగతి చెప్పాలి, ఎందుకంటే వాళ్లు తీర్చిన సమస్య, మా నాన్నగారు డాబా మీద తీగ లాగిస్తూ పడ్డ అవస్థ, రెండూ ఒకటే.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 80ల్లో మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది, ఆన్ చేశాక వేడెక్కి గొంతు రావడానికి నిమిషం పట్టేది. మధ్యాహ్నం పూట రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వచ్చేవి షార్ట్‌వేవ్ మీద, అదంటే నాన్నకి ప్రాణం. వెదురు గడ కట్టి అక్కణ్ణుంచి కొబ్బరి చెట్టు దాకా రాగి తీగ లాగారు. పాట బాగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి మునిగిపోయేది. మునిగిపోవడం అంటే సౌండు తగ్గడం ఒక్కటే కాదు, పాడే ఆవిడ గొంతు బిందెలోంచి వస్తున్నట్టు వంకర్లు తిరిగి, మాట తెలియకుండా పోయి, పావు నిమిషంలో మళ్లీ ఏమీ జరగనట్టు శుభ్రంగా వచ్చేది. నాన్న వెంటనే "ఒరేయ్ చిన్నోడా, పైకెక్కి తీగ చూడరా, గాలికి కదిలినట్టుంది" అనేవారు. నేను డాబా ఎక్కి తీగ పట్టుకుని "వస్తోందా నాన్నా?" అని అరిస్తే, కిందనుంచి "వచ్చింది వచ్చింది, అట్టాగే పట్టుకో... పోయింది" అని జవాబు. ఎండలో కాళ్లు కాలిపోతుండేవి. ఎన్నేళ్లో అలా తీగదే తప్పనుకున్నాం. తీగ తప్పు కాదు, గాలి తప్పు కాదు.

కొలంబో నుంచి తెనాలికి రేడియో తరంగం ఒక్క దారిలో రాదు. పైన అయనోస్ఫియర్‌కి (రేడియో తరంగాల్ని కిందకి తిప్పి పంపే ఆకాశపు పొరకి) తగిలి ఒక్క గెంతులో వచ్చేది ఒకటి, పైకెళ్లి నేలకి కొట్టి మళ్లీ పైకెళ్లి రెండు గెంతుల్లో వచ్చేది ఇంకొకటి. ఒక్కోటి ఒక్కో ఎత్తు కోణంలో దిగుతుంది, ఒక్కోటి కాస్త ముందూ వెనకా వస్తుంది. అవి తీగ మీద కలిసినప్పుడు ఒకదాని శిఖరం ఇంకోదాని లోయలో పడితే రెండూ చచ్చిపోతాయి. అది కూడా అన్ని ఫ్రీక్వెన్సీలకి ఒకేసారి జరగదు, గొంతులో కొంత భాగం చచ్చి కొంత భాగం బతుకుతుంది, అందుకే ఆ బిందె గొంతు. ఒకే తీగ ఉన్నంతకాలం, అది రాగిదైనా బంగారందైనా, నేను పట్టుకున్నా వదిలేసినా, దీన్ని ఏమీ చెయ్యలేదు. అది వచ్చినవన్నీ కలిపేసి రేడియోకి ఇస్తుంది, అంతే.

ఇప్పుడు హోమ్‌డెల్ సంగతి. న్యూయార్క్ నుంచి లండన్‌కి రేడియో టెలిఫోన్ 1927 జనవరి 7న మొదలైంది. మూడు నిమిషాలకి 75 డాలర్లు, అప్పటి డాలర్లు. మొదట లాంగ్‌వేవ్, తర్వాత ఒకటి రెండేళ్లలో షార్ట్‌వేవ్ వచ్చింది. 75 డాలర్లు కట్టి మాట్లాడుతున్నవాడి గొంతు మా సిలోన్ పాటలా మునిగితే ఊరుకుంటాడా? అందుకని హరాల్డ్ ఫ్రీస్ అనే డెన్మార్క్‌లో పుట్టిన ఇంజనీరు, సి. బి. ఫెల్డ్‌మన్ అనే ఆయన కలిసి ఒక ఆలోచన చేశారు. రకరకాల కోణాల్లో దిగే తరంగాల్లో ఒక్క కోణంలో వచ్చేదాన్ని మాత్రమే విని, మిగతావాటికి చెవులు మూసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని. కానీ నిలువుగా అంత సన్నగా వినాలంటే యాంటెనా చాలా పొడవుండాలి. పైగా ఆ కోణం పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, గంటగంటకీ మారుతుంది. అంటే పొడుగ్గానూ ఉండాలి, తిప్పడానికీ వీలుండాలి.

వాళ్లు ఇంగ్లండ్ ఉన్న దిక్కుగా వరసగా ఆరు రాంబిక్ యాంటెనాలు వేశారు. రాంబిక్ అంటే నాలుగు స్తంభాల మధ్య డైమండ్ ఆకారంలో లాగిన తీగ. మొత్తం ముప్పావు మైలు, అంటే దాదాపు 1.2 కిలోమీటర్లు. ముప్పావు మైలు తీగల్ని ఎవడు తిప్పుతాడు? తిప్పలేదు. ఆరింటి నుంచీ కోయాక్సియల్ లైన్లు ఒక షెడ్డులోకి తెచ్చి, తిప్పడం అంతా లోపల రిసీవర్‌లో పెట్టారు. నేను చెప్పదల్చుకున్నది ఇదే. దిశ మారే యాంటెనా అనగానే అందరూ బయట ఇనుము వైపు చూస్తారు. అసలు బుర్ర లోపల ఉంది.

ఎలాగంటే, తరంగం ఒక కోణంలో దిగుతున్నప్పుడు మొదటి యాంటెనాకీ రెండోదానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో రెండుకీ మూడుకీ అంతే ఉంటుంది, దూరాలు సమానం కాబట్టి. అంటే మొదటిదాంతో పోల్చితే రెండోదానికి ఒక పాలు ఫేజ్ తేడా (తరంగం శిఖరం ఎంత ముందో ఎంత వెనకో అన్న లెక్క), మూడోదానికి రెండు పాళ్లు, అలా ఆరోదానికి అయిదు పాళ్లు. కాబట్టి ఒక్కో యాంటెనాకి ఒక్కో ఫేజ్ షిఫ్టర్, అంటే ఆ ఫేజ్‌ని జరిపే పరికరం, పెట్టి, అన్నింటినీ పళ్లచక్రాలతో కలిపేశారు. అవి ఎలాంటివంటే ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఫేజ్ కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్క హ్యాండిల్ తిప్పితే ఒకటి ఒక చుట్టు, దాని పక్కది రెండు చుట్లు, ఆ పక్కది మూడు, అలా తిరుగుతాయి, దాంతో ముప్పావు మైలు యాంటెనా మొత్తం ఆకాశంలో తల ఎత్తుతుంది, దించుతుంది. ఒక్క తీగ కదలదు. గడియారంలో ఒకే స్ప్రింగు మీద మూడు ముళ్లు మూడు వేగాల్లో నడవడం చూశారు కదా, ఆ పనే ఇది. కంప్యూటర్ లేదు, ప్రాసెసర్ లేదు, లెక్క అంతా పళ్లచక్రాల్లోనే ఉంది. దీన్ని మొదటిసారి చదివిన రోజు నేను రాత్రి రెండింటి దాకా కాగితాల మీద ఆ చక్రాలు గీసుకుంటూ కూర్చున్నా.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ ఫేజ్ షిఫ్టర్లు వచ్చిన రేడియో ఫ్రీక్వెన్సీ మీద పెట్టలేదు, ఇంటర్మీడియెట్ ఫ్రీక్వెన్సీ మీద, అంటే రిసీవర్ లోపల దించుకునే ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పెట్టారు. షార్ట్‌వేవ్‌లో పగలొక ఫ్రీక్వెన్సీ వాడాలి, రాత్రొకటి వాడాలి. నేరుగా రేడియో ఫ్రీక్వెన్సీ మీద ఫేజ్ తిప్పే పరికరం పెడితే ఫ్రీక్వెన్సీ మార్చినప్పుడల్లా అది తప్పుతుంది. అదే ఆరు లైన్లనీ ఒకే ఆసిలేటర్‌తో కలిపి కిందకి దించితే, ఒకదానికొకటి ఉన్న ఫేజ్ తేడాలు చెక్కు చెదరకుండా దిగుతాయి, ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ ఒక్కటే. పరికరం ఒక్కసారి చేసుకుంటే చాలు. ఈ రోజుకీ ఇదే పద్ధతి వాడేవాళ్లు ఉన్నారు.

అక్కడితో ఆగలేదు వాళ్లు. ఇలాంటి ఫేజ్ షిఫ్టర్ల సెట్లు మూడు పెట్టారు, ఆరు యాంటెనాల సిగ్నల్ మూడింటికీ వెళ్తుంది. అందులో ఒక సెట్టు పని వినడం కాదు, వెతకడం. ఏ కోణంలో తరంగం వస్తోందో అది గాలిస్తూ ఉంటుంది, అది చూపించిన కోణాలకి మిగతా రెండు సెట్లనీ పెడతారు. ఆ రెండూ రెండు వేరే వేరే దారుల్లో వచ్చిన గొంతుని విడివిడిగా పట్టుకుంటాయి. ముందు వచ్చిన దాన్ని ఆడియో డిలే నెట్‌వర్క్‌తో కాసేపు ఆపి, వెనక వచ్చినదాంతో సమానం చేసి, అప్పుడు రెండూ కలుపుతారు. ఏ రెండు తరంగాలు మా డాబా తీగ మీద కొట్టుకుని చచ్చేవో, అవే రెండూ ఇక్కడ ఒకదానికొకటి సాయం చేస్తాయి. ఒక్క యాంటెనాతో పోలిస్తే సిగ్నల్‌కీ రొదకీ మధ్య తేడా 7 నుంచి 8 డెసిబెల్ మెరుగైందని వాళ్ల పేపర్లో ఉంది. ఆరు యాంటెనాలకి థియరీ లెక్క వేసినా 7.8 వస్తుంది. వాల్వులు, గేర్లు పెట్టి థియరీకి అంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదు, ఇవాళ్టి డబ్బా కంపెనీల స్పెసిఫికేషన్ కాగితాలు చదివే వాళ్లకి ఆ విలువ తెలుస్తుంది.

తర్వాత న్యూజెర్సీలోనే మనహాకిన్‌లో 16 రాంబిక్‌లతో రెండు మైళ్ల పొడవున నిజమైన ఫోన్ సర్వీసుకి ఒకటి కట్టారు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో కూలింగ్ అనే చోట బ్రిటిష్ పోస్టాఫీసు వాళ్లు ఇలాంటిదే, 16 యాంటెనాలు, రెండు మైళ్లు, యుద్ధం మధ్యలో 1942లో మొదలుపెట్టారు. 1956లో అట్లాంటిక్ అడుగున మొదటి టెలిఫోన్ కేబుల్ పడ్డాక వీటి అవసరం మెల్లగా తగ్గిపోయింది.

నా బాధ ఏంటంటే, అదే హోమ్‌డెల్‌లో కార్ల్ జాన్‌స్కీ చేసిన పని అందరికీ తెలుసు. ఆయన పద్ధతి వేరు, 30 మీటర్ల పొడవు యాంటెనాని ఫోర్డ్ మోడల్ టీ కారు చక్రాల మీద పెట్టి నిజంగానే గుండ్రంగా తిప్పాడు, 20 నిమిషాలకి ఒక చుట్టు. 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఉరుముల రొద ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టమంటే, ధనూరాశి వైపు నుంచి పాలపుంత చేస్తున్న చప్పుడు కనిపెట్టాడు. గొప్పవాడే, కాదనట్లేదు. కానీ అక్కడ కూడా చూడండి, ఆ మెత్తని చప్పుడు కాగితం మీద గీతగా పడాలంటే రోజుల తరబడి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) మారకుండా నిలబడే రిసీవర్ ఉండాలి. రిసీవర్ అటూ ఇటూ ఊగితే నక్షత్రం ఊగిందో వాల్వు ఊగిందో ఎవడికి తెలుసు? ఫొటోల్లో మాత్రం చక్రాల మీద యాంటెనా ఒక్కటే కనిపిస్తుంది. రిసీవర్ చేసినవాళ్ల ఫొటో ఎవరూ వెయ్యరు. ఫ్రీస్, ఫెల్డ్‌మన్ పేర్లు మన ఇంజనీరింగ్ క్లాసుల్లో ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. యాంటెనాల సబ్జెక్టులో అరే ఫ్యాక్టర్ అనే, వరస యాంటెనాలు ఏ దిశలో ఎంత వింటాయో చెప్పే ఫార్ములా బట్టీ పట్టించి పరీక్ష రాయించారు తప్ప, ఆ ఫార్ములాలో ఒకటి రెండు మూడు అని వరసగా పెరిగే ఆ అంకెలు ఒకప్పుడు పళ్లచక్రాలై తిరిగాయని ఒక్కరూ చెప్పలేదు.

ఇదంతా చదివి ఊరుకోలేక నేను చేసిన పని చెప్తా. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, నాకు హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునే లైసెన్సు ఉంది. టెర్రస్ మీద 7 మెగాహెర్ట్జ్‌కి ఇన్వర్టెడ్ వీ (తలకిందులు వీ ఆకారంలో లాగిన తీగ యాంటెనా) కట్టా. కట్టాక తెలిసింది, పక్కనే లిఫ్ట్ గదిలో ఉన్న మోటారు డ్రైవ్ ప్యానెల్ ఇరవై నాలుగ్గంటలూ గుర్‌ర్ అని రొద పెడుతుందని. లిఫ్ట్ కదిలినా కదలకపోయినా ఒకటే. రేడియోలో సిగ్నల్ బలం చూపించే మీటర్ ముల్లు ఎస్ 9 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడేది. అసోసియేషన్ వాళ్లకి చెప్తే ఫిల్టర్ పెట్టించే మాట పక్కనబెట్టి, ముందు మీ తీగలు తీసెయ్యండి, చూడ్డానికి బాలేదు అన్నారు. టెర్రస్ అంతా డిష్‌లు, కేబుల్ వైర్లు, వాడని వాటర్ ట్యాంకులు ఉంటే అవి బాగున్నాయి, సన్నటి రాగి తీగ బాలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది తలుచుకుంటే.

అప్పుడు మ్యూసా గుర్తొచ్చింది. లిఫ్ట్ గది వైపు పిట్టగోడ వెంట ఇంకో పది మీటర్ల తీగ వేశా. రెండు కేబుళ్లూ గదిలోకి తెచ్చా. రెండు యాంటెనాలతో గొంతు పెద్దగా పెరగదు, మహా అయితే 3 డెసిబెల్, కానీ ఒక వైపు నుంచి వచ్చే రొదని చంపొచ్చు. రొద రెండు తీగల మీదా పడుతుంది కదా, ఒకదాన్ని తిరగేసి, సరైనంత ఆలస్యం చేసి, సమానమైన బలంతో కలిపితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. పళ్లచక్రాలు చేయించే తాహతు నాకు లేదు, అందుకని కేబుల్ ముక్కలు వాడా. 7.1 మెగాహెర్ట్జ్‌కి గాలిలో తరంగం పొడవు 42 మీటర్లు, ఆర్‌జీ 58 కేబుల్‌లో వేగం తగ్గుతుంది కాబట్టి 28 మీటర్లు. అంటే ఒక మీటర్ కేబుల్‌కి దాదాపు 13 డిగ్రీలు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది మీటర్ల ముక్కలు కోసి నాలుగు టోగుల్ స్విచ్‌లకి కట్టి, పాత బిస్కెట్ల డబ్బాలో బిగించా. ఏ స్విచ్‌లు వేస్తే అన్ని మీటర్లు కలుస్తాయి, సున్నా నుంచి 15 దాకా ఎంతైనా పెట్టొచ్చు. రెండో తీగ బలం తగ్గించుకోవడానికి ఒక పొటెన్షియోమీటర్, తిరగెయ్యడానికి ఫెర్రైట్ రింగు మీద చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్.

రాత్రి పదకొండు దాటింది. మా నాన్నగారు ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు, ఎనభై దాటాయి, నిద్ర పట్టక వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్నారు. నాలుగు మీటర్ల స్విచ్ వేశా, రొద ఇంకా పెరిగింది. ఎనిమిది వేశా, కాస్త తగ్గింది. ఎనిమిదికి తోడు రెండు వేసి పొటెన్షియోమీటర్ మెల్లగా తిప్పుతుంటే ఒక చోట ముల్లు 9 నుంచి 6కి జారింది. అక్కడ ఆగిపోయింది, ఇంక దిగట్లేదు. ఒక మీటర్ అడుగు మరీ పెద్దదని అర్థమై, అప్పటికప్పుడు అర మీటర్ ముక్క కోసి తగిలించా, సోల్డరింగ్ వేడి తగ్గకముందే ఆన్ చేశా. ముల్లు 5 దగ్గరికి వచ్చేసింది. గుర్‌ర్ చప్పుడు ఎవరో తలుపు వేసినట్టు పోయింది. ఆ ఖాళీలో సన్నగా ఒక గొంతు, కాల్‌సైన్ చెప్తున్నాడు, మొదట్లో నాలుగు ఎస్ ఏడు అని, అంటే శ్రీలంక. ఎవరో పెద్దాయన, తీరిగ్గా ఇంకో స్నేహితుడితో వాళ్ల ఊళ్లో పడ్డ వాన గురించి మాట్లాడుతున్నాడు. అంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడు, అదే ఫ్రీక్వెన్సీ మీద, రొద కింద. నాన్న ముందుకి వంగి చెవి పెట్టి "సిలోనా?" అన్నారు. అవును నాన్నా అన్నా. కాసేపు విని, "గాలి తగ్గినట్టుందే" అన్నారు. నలభై ఏళ్ల కిందట తీగ పట్టుకోమన్నప్పటి మాటే. నేను సరిదిద్దలేదు.

ఇక మన దగ్గర ఇలాంటిది చూడాలంటే గాదంకి గురించి తెలుసుకోండి, తిరుపతికి దగ్గర్లోనే. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌కి 32 వరసలు, వరసకి 32, మొత్తం 1024 యాగీ యాంటెనాలు, 130 మీటర్ల చదరంలో. 53 మెగాహెర్ట్జ్ మీద పై గాలుల్ని కొలుస్తుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మా బ్యాచ్‌ని తీసుకెళ్లారు. చుట్టూ కొండలు, మధ్యలో వరి నారు నాటినట్టు యాంటెనాలు, అన్నీ ఆకాశం వైపు చూస్తూ. మా వాడొకడు "సార్, ఇది ఎటు తిరుగుతుంది?" అని అడిగితే అక్కడాయన "ఏదీ తిరగదు బాబూ" అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయారు. అక్కడ ఆగి అయిదు నిమిషాలు వివరించి ఉంటే మా నలభై మందిలో కొందరైనా ఈ దారిలోకి వచ్చేవాళ్లు. సగం మంది సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు, ఇప్పుడు 5జీ బీమ్‌ఫార్మింగ్ (యాంటెనా కదలకుండా దిశ మార్చడం) కొత్తగా వచ్చిందని వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్‌లు పెడుతుంటారు. నిజానికి ట్రాన్స్‌మిట్ చేసే వైపు అయితే ఇంకా పాతది, కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1905లోనే మూడు యాంటెనాలతో చూపించాడు. చిన్న చిప్పులోకి కుదించడం కొత్త, అది పెద్ద పనే, కానీ ఆలోచన కొత్తది కాదు.

మీరు ఇంట్లో చేద్దామనుకుంటే ఒక్క మాట. కేబుల్ ముక్కలు కొయ్యేటప్పుడు స్విచ్ దగ్గర వదిలే తోకల పొడవు కూడా లెక్కెయ్యండి, నాకు మొదటిసారి అక్కడే అర మీటర్ దాకా తేడా వచ్చింది. కేబుల్ అంతా ఒకే చుట్ట లోంచి కొయ్యండి, రెండు కొట్ల నుంచి తెచ్చిన ముక్కలు కలిపితే వేగం కలవదు. రెండో తీగ రొదకి దగ్గరగా ఉండాలి, మొదటిదానికి దూరంగా. డబ్బా మాత్రం తప్పకుండా ఇనుముదే తీసుకోండి, ప్లాస్టిక్ డబ్బా పెడితే రొద నేరుగా లోపలికే వస్తుంది.